పిఠాపురం మహారాజా: ఒక చేత్తో హాస్టల్, ఇంకో చేత్తో నిఘంటువు

మెదక్ పట్టణంలో ఏ మూల నిలబడి చూసినా చర్చి శిఖరం కనిపిస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లిష్ పాదరీ కరువు రోజుల్లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి నిలబెట్టిన గుడి అది. మా తాతల కాలంలో మాలమాదిగ పిల్లలకు పలక పట్టించింది ఆ మిషన్ వాళ్లే. అందుకే ఇక్కడ పెరిగిన మాకు చదువు చెప్పించిన దాత అంటే గుర్తొచ్చేది ఒక తెల్ల పాదరీ. రాజా అంటే గుర్తొచ్చేది వెట్టి.

పరిశోధన కోసం తెలుగు సాహిత్య పోషకుల చరిత్రలు చదువుతున్నప్పుడు ఈ లెక్కకు అందని మనిషి ఒకరు మాకు ఎదురయ్యారు. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు (1885–1964). సాహిత్య చరిత్రకారులు ఆయన్ని కవిపండిత పోషకుడిగా, నిఘంటువు దాతగా రాస్తారు. సంఘ సంస్కరణ చరిత్రలు రాసేవారు బ్రహ్మసమాజ జమీందారుగా రాస్తారు. కాకినాడ ప్రాంతంలోని పాత తరం దళిత కుటుంబాలకు ఆయన పేరు చెబితే హాస్టల్ గుర్తుకొస్తుంది. ఈ మూడింటినీ ఒకే చోట పెట్టి చూడాలనిపించింది.

ఆయన బతుకు కోర్టు కాగితాల్లో మొదలైంది. తండ్రి గంగాధర రామారావుకు చాలాకాలం మగ సంతానం లేదు. వెంకటగిరి రాజుల కుటుంబం నుంచి ఒక బాలుణ్ణి దత్తత తీసుకున్నారు. ఆ తర్వాత, 1885లో, సూర్యారావు పుట్టారు. తండ్రి ఎస్టేటును ఈ కొడుకు పేర వీలునామా రాసి 1890లో చనిపోయారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కి, ఈ పిల్లవాడు రాజుగారి సొంత కొడుకే కాదని వాదించారు. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1899లో తీర్పు సూర్యారావు వైపు వచ్చింది. అయితే ఆ తీర్పు పుట్టుక మీద నిలబడలేదు. విభజన లేని ఎస్టేటును జమీందారు తనకు నచ్చిన వారికి వీలునామాతో ఇచ్చుకోవచ్చన్న సూత్రం మీద నిలబడింది. లా చదివే విద్యార్థులకు ఇది పిఠాపురం కేసుగా ఇప్పటికీ పాఠమే. పద్నాలుగేళ్లు నిండేలోపే తన పుట్టుక మీద దేశంలోని పెద్ద వకీళ్లందరూ వాదించుకోవడం విన్న పిల్లవాడు ఆయన. పుట్టుకతోనే మనిషి విలువ కట్టే సమాజంలో ఆ అనుభవం ఆయన మనసు మీద ఏం ముద్ర వేసిందో ఊహించడం వరకే మన పని. మైనరుగా ఉన్నన్నాళ్లూ ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతుల్లో నడిచింది.

ఆయన్ని మార్చిన మనిషి రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862–1939). ఆయన 1904 నుంచి 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్. బ్రహ్మసమాజికుడు. జంధ్యాన్నీ కులాన్నీ విగ్రహాన్నీ కాదన్నవాడు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మహారాజా ఆయన్ని గురువుగా ఎంచుకున్నారు. ఆ గురుత్వం మాటల్లో ఆగిపోలేదు, డబ్బుగా మారింది. కాకినాడలో బ్రహ్మమందిరం, అనాథ శరణాలయం, ఆది ఆంధ్ర విద్యార్థులకు ఉచిత వసతి గృహం ఎస్టేటు ఖర్చుతో నడిచాయి. కళాశాలలో ఆడపిల్లలకూ దళితులకూ తలుపులు తెరిచారు.

ఇది చిన్న మాటగా తీసిపారేయకూడదు. అంటరాని పిల్లవాడికి ఆ రోజుల్లో పట్నంలో చదువు దొరకడం కంటే గది దొరకడం కష్టం. అంబేడ్కర్‌కు కొలంబియాలో చదవడానికి 1913లో డబ్బిచ్చింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్. అదే అంబేడ్కర్ 1917లో ఉద్యోగానికి బరోడా వస్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో కులం దాచుకుని ఉంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ సముద్రం దాటించింది గానీ అదే రాజు ఊళ్లో ఒక గది ఇప్పించలేకపోయింది. కాబట్టి కాకినాడలో ఆది ఆంధ్ర పిల్లలకు ఒక కప్పు, రెండు పూటలా అన్నం దొరికాయంటే అది పుస్తకాల కంటే ముందు లెక్కించాల్సిన విషయం. హాస్టళ్లలో చదివి పైకొచ్చిన మనలో చాలామందికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆ హాస్టల్ రాజుగారి దయలోంచి మాత్రమే పుట్టలేదు. 1917 నవంబరులో విజయవాడలో జరిగిన మహాసభకు హైదరాబాదు నుంచి వెళ్లి అధ్యక్షత వహించినవారు భాగ్యరెడ్డివర్మ. పంచములు అన్న పేరును తోసేసి మేం ఆది ఆంధ్రులం అని ప్రకటించిన సభ అది. ఆ తర్వాత కొన్నేళ్లకే మద్రాసు ప్రభుత్వం ఆ పేరును కాగితాల్లోకి ఎక్కించుకోవాల్సి వచ్చింది. గోదావరి జిల్లాల్లో కుసుమ ధర్మన్న లాంటివారు తెల్ల దొరతనంతో పాటు నల్ల దొరతనం కూడా మాకొద్దని రాస్తున్న కాలం. కింది నుంచి ఆ ఒత్తిడి ఉంది కాబట్టే పై నుంచి తలుపు తెరుచుకుంది. జీవిత చరిత్రలు రాసేవారు సాధారణంగా తలుపు తీసిన చేతినే చూస్తారు, తట్టిన చేతుల్ని చూడరు.

ఇక ఆస్థానం. దేవులపల్లి సోదరకవులు పిఠాపురం ఆస్థాన కవులు. కృష్ణశాస్త్రి వారింటి పిల్లవాడే. కాకినాడలో రఘుపతి శిష్యరికంలో బ్రహ్మసమాజం వైపు నడిచారు. చలం కూడా ఆ కళాశాలలోనే ఆ గాలి పీల్చుకున్నవాడు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ఇక్కడ ఆస్థాన నాటకకర్త. ‘సాక్షి’ వ్యాసాల పానుగంటి ఈయనే. వేంకట రామకృష్ణ కవులు ఇక్కడివారే. తిరుపతి వేంకట కవులతో వారి పద్య యుద్ధాలు ఆ కాలంలో పెద్ద కాలక్షేపం. వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదన విని రవీంద్రనాథ్ టాగోర్ శాంతినికేతన్‌కు ఆహ్వానించారు. ఈ జాబితా ఇంకా పొడిగించవచ్చు. పొడిగించినా కులాల పట్టిక పెద్దగా మారదు. హాస్టల్ దాకా వచ్చిన మార్పు ఆస్థానం గడప దాటలేదు.

అదే తరంలో గుర్రం జాషువా (1895–1971) రాస్తున్నారు. కవిత్వం విని పొగిడినవాళ్లే కులం తెలిశాక లేచిపోయిన అవమానాన్ని ఆయన పద్యంలోనే చెప్పుకున్నారు. కళా పోషణ అన్న ఏర్పాటే అలాంటిది. కవి రాజు ముందు కూర్చోవాలి, పక్కన పండితులు కూర్చోవాలి, సభ తర్వాత భోజనాలు ఉంటాయి. ఆ వరుసలో కులం అడగకుండా జరిగేది ఒక్కటీ లేదు.

కళాకారిణుల సంగతి ఇంకో రకం. గోదావరి జిల్లాల జమీందారీ ఇళ్లలో తరాలుగా ఆడి పాడినవారు కలావంతుల స్త్రీలు. రఘుపతి వేంకటరత్నం నాయుడు భోగం మేళాలకు వ్యతిరేకంగా నడిపిన ఉద్యమం ఆ ప్రాంతమంతా బలంగా పాకింది. దోపిడీని ఆపాలన్న ఆయన పట్టుదలను తప్పు పట్టలేం. కానీ పవిత్రత పేరుతో మేళం పోయినప్పుడు ఆ స్త్రీల చేతిలోని విద్యకు మర్యాదైన చోటు ఎవరూ చూపించలేదు. తెలంగాణ పల్లెల్లో జోగినీలుగా మార్చబడిన మాదిగ ఆడపిల్లలకైతే ఏ ఆస్థానమూ లేదు, ఏ సంస్కర్త కన్నూ పడలేదు. వారి కోసం ప్రత్యేక చట్టం రావడానికి 1988 దాకా పట్టింది.

మాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించింది నిఘంటువు. 1911లో జయంతి రామయ్య పంతులు మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. తెలుగులో సమగ్ర నిఘంటువు తయారు చేయడం దాని పెద్ద పని. దానికి డబ్బు పిఠాపురం మహారాజాది. అందుకే దాని పేరు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. పండితుల బృందం ఏళ్ల తరబడి కావ్యాల్లోంచి మాటలు ఏరింది. మొదటి సంపుటం 1936లో వచ్చింది, 1944 నాటికి నాలుగు సంపుటాలయ్యాయి. మిగతావి స్వాతంత్ర్యం తర్వాత వెలువడ్డాయి. ఒక జమీందారు ఇన్నేళ్లు ఓపిగ్గా డబ్బు పోసిన పుస్తకం తెలుగులో ఇంకొకటి మాకు కనిపించలేదు. ఇవాళ ఎవరం పాత పద్యం చదవాలన్నా దాన్ని తెరవక తప్పదు. మేమూ రోజూ తెరుస్తున్నాం.

ఐతే జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాషా పక్షానికి నాయకుడు. జనం మాట్లాడే తెలుగు రాతకు పనికిరాదన్నది ఆ పక్షం వాదన. అవతలి పక్షంలో గిడుగు రామమూర్తి. నిఘంటువు పద్ధతిని ఆయన గట్టిగా విమర్శించారు. ఈయన కూడా ఒక రాజా వారి పాఠశాలలో ఉపాధ్యాయుడే, పర్లాకిమిడిలో. కానీ ఆయన జీతంతో బతుకుతూ కొండల మీది సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, వారి భాషకు నిఘంటువు తయారు చేశారు. పిఠాపురం డబ్బుతో నడిచిన నిఘంటువుకు సాక్ష్యం కావ్యం. గిడుగు నిఘంటువుకు సాక్ష్యం మనిషి.

కావ్యం సాక్ష్యమన్నప్పుడు ఏమవుతుంది? మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో తోలు పని చేసిన ముసలివాళ్లను అడిగితే ఆరె, రంపె, గూటం, లంద, తంగేడు చెక్క, మోట బొక్కెన, దప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల అని వరసగా చెబుతారు. ఒక్కో మాట వెనక ఒక పని, ఆ పనికి ఒక కొలత, ఒక వాసన. ప్రబంధ కవి లంద దగ్గరికి ఎందుకు వెళతాడు? విద్యార్థులకు మా సూచన ఇదే. మీ వాడలోని ఇరవై పనిముట్ల పేర్లు రాసుకుని సూర్యరాయాంధ్రంలో వెతకండి. ఎన్ని దొరికాయో, దొరికినవాటికి ఏ అర్థం ఇచ్చారో, ఏ పద్యం ఉదాహరణగా చూపారో పట్టిక వేయండి. మంచి పరిశోధనాంశం అవుతుంది. ఇక్కడ రెండు పనులూ ఒకే ఖజానా చేసిందని గుర్తుంచుకోవాలి. మాదిగ పిల్లవాడికి అన్నం పెట్టి అక్షరం నేర్పింది ఆ ఖజానాయే. వాడి ఇంటి మాటకు అక్షరంలో చోటు అవసరం లేదనుకున్న పండితులకు జీతమిచ్చిందీ ఆ ఖజానాయే. మహారాజాకు ఇందులో వైరుధ్యం కనిపించి ఉండదు. సంస్కరణ అంటే కింది మనిషిని పైకి తేవడమనే ఆయన అనుకున్నారు. కింది మనిషి దగ్గర నేర్చుకునేది ఉందన్న ఆలోచన ఆ కాలపు సంస్కర్తల్లో అరుదు.

ఖజానా ఎక్కడిది అన్న ప్రశ్న కూడా ఉంది. పిఠాపురం గోదావరి జిల్లాలోని పెద్ద జమీందారీల్లో ఒకటి. శిస్తు కట్టింది రైతులు. ఆ రైతుల పొలాల్లో పంట తీసింది పాలేర్లు, కూలీలు, అందులో ఎక్కువమంది మాలమాదిగలు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకు భూమి మీద హక్కు ఒప్పుకుంది. పాలేరు ఊసెత్తలేదు. ఆ లెక్కన చూస్తే హాస్టల్లో పెట్టిన అన్నం ఆ పిల్లల తల్లిదండ్రులు పండించినదే. మునగాల జమీందారీలోనూ ఇదే కథ, ఇంకా మొరటుగా. రాజా నాయని వేంకట రంగారావు అండతో కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. దాని తొలి పుస్తకం బానిసలను విడిపించిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. 1930లు వచ్చేసరికి అదే మునగాలలో వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా జనం జమీందారు మీద తిరగబడ్డారు.

పిఠాపురం మహారాజాను కొల్హాపూర్ సాహూ మహారాజ్‌తో పోలుస్తుంటారు. మాకది పూర్తిగా సరిపోదు. సాహూ 1902లో తన సంస్థానం ఉద్యోగాల్లో వెనుకబడినవారికి సగం వాటా ఇస్తూ ఉత్తర్వు జారీ చేశారు. 1920లో అంబేడ్కర్ ‘మూక్‌నాయక్’ పత్రికకు డబ్బిచ్చారు. అదే ఏడు మాణగావ్ సభలో అంబేడ్కర్‌ను మీ నాయకుడని దళితులకు చెప్పారు. అంటే అధికారంలో వాటా, గొంతుకు పత్రిక, నాయకత్వానికి గుర్తింపు. పిఠాపురంలో ఇచ్చింది అన్నం, చదువు. జమీందారుకు సంస్థానాధిపతిలా చట్టం చేసే అధికారం లేదన్నది నిజమే. కానీ ఆస్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించే అధికారం ఆయనదే.

రాజకీయాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జస్టిస్ పార్టీలో బొబ్బిలి రాజాతో పడక పీపుల్స్ పార్టీ అని ఒకటి పెట్టారు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ గాలికి అది కొట్టుకుపోయింది.

కూతురు సీతాదేవి కథను మాత్రం ప్రపంచ పత్రికలు రాశాయి. ఉయ్యూరు జమీందారుతో పెళ్లి రద్దు కావడానికి ఆమె ఇస్లాం తీసుకుని, 1943లో బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన శాయాజీరావు మనవడు. అంటే అంబేడ్కర్‌ను చదివించిన ఇల్లూ ఆది ఆంధ్ర పిల్లలకు హాస్టల్ పెట్టిన ఇల్లూ వియ్యమందుకున్నాయి. తర్వాత ఆ జంట పేరు వార్తల్లోకి ఎక్కింది బరోడా ఖజానాలోంచి విదేశాలకు తరలిన నగల వల్ల.

1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. జమీందార్లకు పరిహారం దక్కింది, రైతులకు రైత్వారీ పట్టాలు దక్కాయి. పాలేరు పాలేరుగానే మిగిలాడు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో దారి చూపింది భూమి వైపు కాదు, బడి వైపు. ఆ నాటకం చూసి కొడుకును పాలేరుతనం మాన్పించి చదువుకు పంపిన తల్లిదండ్రుల కథలు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. పరిశోధకులు ఊరూరా తిరిగి వ్యవసాయం చేసేవాళ్ల నోటి నుంచి మాటలు రాసుకున్నారు. ఆ పుస్తకంలో ప్రతి మాటకూ సాక్షి ఒక పనిమనిషే. పిఠాపురం మహారాజా 1964లో చనిపోయారు. అప్పటికి ఆయన పేరు మోసే నిఘంటువు ఇంకా పూర్తి కాలేదు.