కువైట్‌లో పిల్లల ఓసీడీ: మొదటి మాత్ర వెనకున్న చరిత్ర

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వాడుకలో ఓసీడీ, రెండు పాయలున్న జబ్బు. వద్దనుకున్నా మనసులోకి దూరి వేధించే ఆలోచన మొదటి పాయ. ఆ వేదన కాస్త తగ్గడానికి చేసి తీరాల్సిందే అనిపించే పని రెండోది. చేతికి ఏదో అంటిందన్న భయం, దాని వెంట చర్మం పగిలేదాకా కడుక్కోవడం. తప్పు రాశానేమోనన్న అనుమానం, దాని వెంట కాగితం చిరిగేదాకా చెరిపి రాయడం. వందమంది పిల్లల్లో ఒకరిద్దరికి ఇది ఉంటుందని అంచనా. పిల్లలకు దీనికి మందు పనిచేస్తుందని పరీక్షలు తేల్చి నలభై ఏళ్ళు అయింది. కువైట్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల వయసు అంతకు దాదాపు రెట్టింపు. అక్కడ ఒక బిడ్డకు మొదటి మాత్ర వెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఈ రెండు చరిత్రలూ కలిసిన చోట జరుగుతుంది. వలస వచ్చిన కుటుంబమైతే వీసా, బీమా, స్వదేశంలో ఉన్న పెద్దల మాట కూడా అందులో చేరతాయి.

మందు లేని కాలం

అరబ్బు ప్రపంచానికి ఈ బాధ కొత్తది కాదు. తొమ్మిది, పది శతాబ్దాల మధ్య జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశాడు. కోపం, దుఃఖం, భయం పక్కన వదలని ఆలోచనలను వేరే బాధగా విడదీసి, దాని లక్షణాలనూ ఉపశమనాన్నీ అందులో వివరించాడు. ఆ వర్ణన నేటి వైద్యుల లక్షణ పట్టికకు ఎంత దగ్గరగా ఉందో చూపిస్తూ రానియా అవాద్, సారా అలీ 2015లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు.

నమాజుకు ముందు చేసే వుజూ సరిగా అయిందో లేదో అని పదేపదే కడుక్కునేవాళ్ళ గురించి మత పండితులూ రాశారు. పన్నెండో శతాబ్దపు ఇబ్న్ అల్ జౌజీ ఈ అలవాటును సైతాను ఉచ్చుగా విమర్శించాడు. ఆయన తర్వాతి తరం వాడైన ఇబ్న్ ఖుదామా దీనిమీద విడిగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. రూఢి అయినదాన్ని అనుమానం చెరపలేదన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒక మూల సూత్రం. ఒకసారి వుజూ అయ్యాక అనుమానం వచ్చినంత మాత్రాన మళ్ళీ చెయ్యనక్కర్లేదని దానికి అర్థం. ఓసీడీ బిడ్డకు ఇప్పుడు మానసిక చికిత్సకుడు నేర్పేదీ దాదాపు ఇదే. కానీ దీన్ని కేవలం సైతాను పనిగా చూసే ఇళ్ళలో బిడ్డను మందలించడం, ప్రార్థన చేయించడం తప్ప మరో దారి ఉండేది కాదు.

తెలుగు ఇళ్ళలోనూ పరిస్థితి ఇంతకు భిన్నంగా లేదు. మడి, మైల, ఎంగిలి అన్న నియమాలున్న ఇంట్లో అతిగా కడుక్కునే పిల్ల మొదట బుద్ధిమంతురాలిగా, ఆ తర్వాత చాదస్తపు మనిషిగా కనిపిస్తుంది. మరీ ముదిరితే దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం. వైద్యుడి దగ్గరికి వెళ్ళడం చాలా ఆలస్యంగా జరిగే పని.

ఐరోపా వైద్యులకు కూడా బాల్యంలో ఈ జబ్బు ఉంటుందని చాలాకాలంగా తెలుసు. ఫ్రెంచి వైద్యుడు పియర్ జానే 1903లోనే ఐదేళ్ళ బిడ్డలో ఈ లక్షణాలను వర్ణించాడు. 1909లో ఫ్రాయిడ్ ప్రచురించిన ప్రసిద్ధ రోగి చరిత్రలోనూ జబ్బు మూలాలు బాల్యంలోనే ఉన్నాయి. గుర్తించారు గానీ తగ్గించే సాధనం వాళ్ళ దగ్గరా లేదు.

మిషన్ దవాఖానా నుంచి ప్రభుత్వ ఆసుపత్రికి

కువైట్‌లో ఆధునిక వైద్యం అమెరికన్ మిషన్‌తో మొదలైంది. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ ఆహ్వానంపై వచ్చిన మిషన్ వైద్యులు 1911 ప్రాంతంలో పని ప్రారంభించారు. డాక్టర్ ఎలీనర్ కాల్వర్లీ 1912లో వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసింది. అప్పటి కువైట్ ముత్యాల వేట మీద, పడవ వ్యాపారం మీద బతికే రేవు పట్టణం. బొంబాయితో రాకపోకలు ఎక్కువ, చెలామణిలో ఉన్నది భారత రూపాయి. మిషన్ దవాఖానా జ్వరాలకు, కంటి జబ్బులకు, కాన్పులకు వైద్యం చేసేది. బిడ్డ మనసు బాధ వైద్యుడి దాకా వచ్చేది కాదు. ఇల్లు, మసీదు చూసుకోవలసిన సంగతిగా ఉండేది.

1938లో బుర్గాన్‌లో చమురు బయటపడింది, 1946లో ఎగుమతి మొదలైంది. ఆ డబ్బుతో ప్రభుత్వం వైద్యాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1949లో అమీరీ ఆసుపత్రి తెరుచుకుంది. 1961లో స్వాతంత్ర్యం రాగా, మరుసటి ఏడాది సబా ఆసుపత్రి వచ్చింది. దాని చుట్టూ ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క ఆసుపత్రిగా పెద్ద వైద్య ప్రాంతం పెరిగింది. మనోవైద్య ఆసుపత్రి ఉన్నదీ అక్కడే; ఇప్పుడు దాన్ని కువైట్ మానసిక ఆరోగ్య కేంద్రం అంటున్నారు. 1966లో కువైట్ విశ్వవిద్యాలయం, 1973లో దాని వైద్య కళాశాల మొదలయ్యాయి. అప్పటిదాకా పరాయి దేశాల వైద్యుల మీద ఆధారపడిన దేశం సొంత వైద్యులను తయారు చేసుకోవడం ఆ తర్వాతి సంగతి.

మాత్ర పుట్టుక

ఓసీడీకి పనికొచ్చిన మొదటి మందు క్లోమిప్రమిన్. స్విట్జర్లాండ్‌కు చెందిన గైగీ కంపెనీ దాన్ని కుంగుబాటు కోసం తయారు చేసింది. 1967లో స్పెయిన్ వైద్యులు ఫెర్నాండెజ్ కోర్డోబా, లోపెజ్ ఇబోర్ అది ఓసీడీని తగ్గిస్తోందని ప్రకటించారు. అంతకు ఏడాది ముందే లండన్‌లో విక్టర్ మేయర్ మందు లేని దారి ఒకటి చూపించాడు. రోగి భయపడే వస్తువును అతని చేత ముట్టించి, ఆ తర్వాత కడుక్కోనివ్వకుండా ఆపడం ఆ పద్ధతి. నేటి ఓసీడీ వైద్యంలోని రెండు దారులూ ఇలా ఒకే కాలంలో తెరుచుకున్నాయి.

పిల్లల దాకా మందు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జూడిత్ రాపొపోర్ట్ బృందం 1985లో 19 మంది పిల్లలపై చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించింది. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇస్తున్నారో వైద్యులకూ పిల్లలకూ తెలియకుండా చేసిన పరీక్ష అది. మందు గెలిచింది. 1989లో అదే సంస్థ 48 మందిపై క్లోమిప్రమిన్‌ను డెసిప్రమిన్ అనే మరో కుంగుబాటు మందుతో పోల్చింది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే అయినా ఓసీడీ తగ్గింది క్లోమిప్రమిన్‌తోనే. మందు కుంగుబాటును తగ్గించి దాని ద్వారా ఓసీడీని తగ్గిస్తోందన్న వాదన అక్కడితో నిలబడలేకపోయింది. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనంపై పనిచేసే మందులకే ఈ గుణం ఉందని అర్థమైంది.

ఆ తర్వాత మందులు వరసగా వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఓసీడీకి క్లోమిప్రమిన్‌ను 1989 చివర్లో, పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా వర్తించేలా అనుమతించింది. 1997లో సెర్ట్రలిన్‌ను ఆరేళ్ళ నుంచి, ఫ్లూవాక్సమిన్‌ను ఎనిమిదేళ్ళ నుంచి అనుమతించింది. 2003లో ఏడేళ్ళ నుంచి ఫ్లూఆక్సెటిన్ వంతు వచ్చింది. గుండె లయపై ప్రభావం తక్కువ కావడం వల్ల ఈ కొత్త మందులు ముందు వరసలోకి వచ్చి, క్లోమిప్రమిన్ వెనక్కి జరిగింది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఓసీడీ పేరు కింద అది కనిపిస్తుంది.

యుద్ధం తెచ్చిన మార్పు

మాత్రలు పిల్లల దాకా వస్తున్న ఆ సంవత్సరాల్లోనే కువైట్ కూలిపోయింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ప్రవేశించింది. సుమారు 1,70,000 మంది భారతీయులు, ఎక్కువ భాగం అమ్మాన్ నుంచి విమానాల్లో, ఇల్లు చేరారు. వాళ్ళలో ఆంధ్ర కూలీలు, నర్సులు, ఇంజనీర్లు ఉన్నారు. 1991 ఫిబ్రవరి 26న దేశం విముక్తమయ్యాక మిగిలినవాళ్ళ మనసుల సంగతి బయటపడింది. 51 మంది కువైటీ పిల్లలపై జరిపి 1993లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో 70 శాతానికి పైగా పిల్లల్లో యుద్ధ ఆఘాతపు లక్షణాలు మధ్యస్థ స్థాయిలో గాని తీవ్రంగా గాని కనిపించాయి. ఆఘాత బాధితుల కోసం రిగ్గయీలో ప్రత్యేక కేంద్రం, అమీరు కార్యాలయమైన అమీరీ దివాన్ కింద సామాజిక అభివృద్ధి కార్యాలయం ఏర్పడ్డాయి.

ఇవి ఓసీడీ కోసం పెట్టినవి కావు. అయినా బిడ్డ మనసు కూడా వైద్యం చెయ్యదగ్గదేనన్న మాటను ప్రభుత్వమే చెప్పడం పెద్ద మార్పు. పిల్లల కోసం ప్రత్యేక సంస్థలు కూడా ఆ చుట్టుపక్కల కాలంలోనే నిలదొక్కుకున్నాయి. చదువులో ఇబ్బంది పడే పిల్లలను పరీక్షించి నేర్పే కేంద్రం 1984లో, కువైట్ ఆటిజం కేంద్రం 1994లో మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో ప్రైవేటు మానసిక చికిత్సాలయాలు వచ్చాయి. 2019లో 14వ నంబరు చట్టం మానసిక వైద్యానికి, ఆసుపత్రిలో చేర్చుకోవడానికి, రోగి హక్కులకు నిబంధనలు పెట్టింది.

2004: రెండు సంగతులు

మందు మొదలుపెట్టే తీరును మార్చిన సంవత్సరం 2004. అమెరికాలో మూడు విశ్వవిద్యాలయాలు 7 నుంచి 17 ఏళ్ళ వయసున్న 112 మంది పిల్లలపై పన్నెండు వారాలు జరిపిన పరీక్ష ఫలితం ఆ ఏడాది వెలువడింది. మానసిక చికిత్స, సెర్ట్రలిన్ కలిపి ఇచ్చిన పిల్లల్లో 53.6 శాతం మందికి జబ్బు దాదాపు పూర్తిగా తగ్గింది. చికిత్స ఒక్కటే అయితే 39.3 శాతం, మందు ఒక్కటే అయితే 21.4 శాతం, ఉత్తుత్తి మాత్రతో 3.6 శాతం. మందు పనిచేస్తుంది, కానీ ఒంటరిగా సగం పనే చేస్తుందని తేలింది.

అదే ఏడాది అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ కుంగుబాటు మందులన్నిటి మీదా నల్ల గీతల చట్రంలో హెచ్చరిక వెయ్యమంది. పిల్లలపై జరిగిన 24 పరీక్షలను కలిపి చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు తీసుకున్నవాళ్ళలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 2 శాతం కనిపించాయి. ఆ పరీక్షల్లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. 2007లో వెలువడిన మరో విశ్లేషణ ఓసీడీని విడిగా తీసి లెక్కవేసింది. ఆరుగురు పిల్లలకు మందు ఇస్తే అదనంగా ఒకరికి మేలు. 200 మందికి ఇస్తే అదనంగా ఒకరిలో అలాంటి ఆలోచన. హెచ్చరిక వల్ల మందు ఆగిపోలేదు, మొదటి వారాల్లో బిడ్డను దగ్గరగా కనిపెట్టడం వైద్యంలో భాగమైంది. 2005లో బ్రిటన్ మార్గదర్శకాలు కూడా పిల్లలకు ముందు మానసిక చికిత్స, అది చాలకపోతే మందు అన్న క్రమాన్నే చెప్పాయి.

వలస కుటుంబం లెక్కలు

ఈ క్రమం పుస్తకంలో ఉన్నంత సులువుగా వలస కుటుంబానికి అందదు. కడప, రాయచోటి, రాజంపేట, చిత్తూరు, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళలో ఇంటిపనివాళ్ళు, డ్రైవర్లు, కూలీలే ఎక్కువ. భార్యాబిడ్డలను తెచ్చుకోవడానికి జీతం కొంత దాటాలన్నది కువైట్ నియమం. ఆ హద్దు 2016లో 450 దినార్లకు, 2024లో 800 దినార్లకు పెరిగింది. అందువల్ల చాలామంది బిడ్డలు ఊళ్ళో అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరే పెరుగుతారు. వాళ్ళకు ఓసీడీ వస్తే బిడ్డ రాయచోటిలో, డబ్బు పంపే అమ్మ కువైట్‌లోని సాల్మియాలో, వైద్యుడు తిరుపతిలోనో బెంగళూరులోనో. మందు మొదలుపెట్టాలన్న మాట ఫోనులోనే తేలాలి.

కువైట్‌లో కుటుంబంతో ఉన్న తెలుగువాళ్ళ పిల్లలు ఎక్కువగా భారతీయ బడుల్లో చదువుతారు. వీటిలో పాతదైన ఇండియన్ కమ్యూనిటీ స్కూల్ 1959 నాటిది. మళ్ళీమళ్ళీ చెరిపి రాయడం, మరుగుదొడ్డిలో గంటలు గడపడం మొదట టీచర్ల కంటబడే అవకాశం ఉంది. వైద్యం విషయంలో విదేశీయులకు 1999 నాటి ఒకటో నంబరు చట్టం ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసింది. 2017 అక్టోబరు నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాళ్ళ రుసుములు పెరిగాయి. మాత్రలు చవకే, ఖర్చంతా వారం వారం జరగాల్సిన మానసిక చికిత్సది. పైగా అది బిడ్డ ఇంట్లో మాట్లాడే భాషలో దొరకడం కష్టం. కలిపి ఇవ్వాల్సిన రెండిటిలో చేతికందేది తరచు మాత్ర ఒక్కటే కావడానికి కారణం ఇదే.

వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు వైద్యుణ్ణి చూపించుకుని, మందులు సంచిలో వేసుకుని తిరిగి వెళ్ళడం వలసల్లో పాత అలవాటు. కువైట్‌లో మత్తు, మానసిక ప్రభావమున్న పదార్థాలపై చట్టాలు కఠినమైనవి. నిద్రమాత్రలు, కలత తగ్గించే డయాజెపామ్ రకం మాత్రలు ఇలాంటి చట్టాల కిందికి వస్తాయి. సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటివి 1971 నాటి అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో లేవు. అయినా ఏ మాత్రనైనా వైద్యుడి చీటీతో, అసలు డబ్బాలోనే తీసుకెళ్ళడం క్షేమం. సెలవుల్లో మొదలైన మందుకు ఇంకో చిక్కుంది. జాగ్రత్తగా చూడాల్సిన మొదటి వారాల్లో, రాసిన వైద్యుడు సముద్రానికి అవతల ఉంటాడు. కువైట్‌లో కనిపెట్టే వైద్యుణ్ణి ముందే ఖాయం చేసుకోవడం అందుకే అవసరం.

మొదలుపెట్టే పద్ధతి

నలభై ఏళ్ళ అనుభవం నుంచి తయారైన పద్ధతి ఇప్పుడు దాదాపు అంతటా ఒకటే. ముందు పిల్లల కోసం తయారైన యేల్ బ్రౌన్ కొలమానంతో జబ్బు తీవ్రతను 40 మార్కులకు లెక్కిస్తారు. ఇంట్లో ఎవరికైనా ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు ఉందా అని అడుగుతారు. సెర్ట్రలిన్ అయితే పన్నెండేళ్ళ దాకా పిల్లలకు రోజుకు 25 మిల్లీగ్రాములతో, పదమూడు నుంచి 50తో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి గరిష్ఠంగా 200 దాకా మెల్లగా పెంచుతారు. క్లోమిప్రమిన్ అయితే గుండె ఈసీజీ తీయిస్తారు. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి, నిద్ర చెదరడం, కాలు నిలవనంత చురుకు రావచ్చు. మేలు మాత్రం ఆలస్యంగా వస్తుంది. సరిపడా మోతాదులో పది పన్నెండు వారాలు చూడకుండా పనిచెయ్యలేదని తేల్చరు. మూడు వారాలకే విసిగి మానేసే కుటుంబాలకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది.

తగ్గాక సాధారణంగా ఏడాది దాకా మందు కొనసాగిస్తారు. తర్వాత, బడి పరీక్షలు లేని కాలం చూసి, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, జబ్బు తిరగబెట్టడం జరగవచ్చు. ఉద్యోగం పోయో వీసా ముగిసో కుటుంబం హఠాత్తుగా ఇంటిదారి పట్టడం కువైట్ వలసల్లో కొత్తేమీ కాదు. అందుకే మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, కొలమానం మార్కులు రాసిన కాగితం ఇంట్లో ఉండాలి. కొన్ని వారాలకు సరిపడా మాత్రలు చేతిలో ఉంటే, కొత్త ఊళ్ళో వైద్యుడు దొరికేదాకా వైద్యం తెగదు.