అట్ట మీద లేని పేరు

కథంతా ఆడదాని చేత మోయించి, అట్ట మీద మగవాడి పేరు వేయడం నవలాకారులకు కొత్తేమీ కాదు. మా బలిఘట్టం ఇంట్లో తాతగారి భోషాణంలో మిగిలిన ‘ఐవాన్‌హో’ పాత ప్రతి తిరగేస్తుంటే నాకీ సంగతి తట్టింది. కాగితాలు అప్పడాల్లా విరుగుతున్నాయి గానీ, కథ మాత్రం చెక్కుచెదరలేదు.

సర్ వాల్టర్ స్కాట్ దీన్ని 1819 డిసెంబరులో మూడు సంపుటాలుగా వెలువరించాడు. తన పేరు వేసుకోలేదు. అప్పట్లో ఆయన్ని కడుపునొప్పి పీడిస్తూంటే, కొంత భాగం నోటితో చెప్పి రాయించాడట.

కథ 1194 నాటి ఇంగ్లండుది. ఇనప కవచాలు తొడుక్కుని, గుర్రాలెక్కి, బల్లేలతో ఢీకొనే ‘నైట్లు’ మన రాజపుత్ర వీరుల వంటివాళ్ళనుకోండి. ఐవాన్‌హో అలాంటివాడే. రాచబిడ్డ రొవీనా అతని ప్రేయసి. కానీ పోటీలో గాయపడ్డ అతనికి మందు వేసి బతికించింది యూదుల పిల్ల రెబెకా. తన్ను చెరపట్టిన నైటు మీద మీదకి వస్తే, కోట గోడ అంచునెక్కి ‘దూకేస్తా’నని వాణ్ణి నిలవరించిందీ ఆవిడే. మంత్రగత్తె అని నిందవేసి కాల్చబోతే ఐవాన్‌హో వచ్చి ఆమె పక్షాన నిలుస్తాడు. పెళ్ళి మాత్రం రొవీనాతోనే! రెబెకా తన వజ్రాల నగలు ఆ పెళ్ళికూతురికే ఇచ్చేసి, తండ్రితో దేశం విడిచిపోతుంది.

పాఠకులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. దానికి స్కాట్ 1830 నాటి పీఠికలో సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ కాలపు మతద్వేషాల్లో అలాంటి పెళ్ళి సాగదన్నాడు. సరే, ఒప్పుకుందాం. ఉత్తములకు ఐహిక సుఖాన్ని బహుమతిగా కట్టబెడితే వారి గుణానికే చిన్నతనం అని కూడా అన్నాడు. మరి రొవీనాకి ఆ నియమం ఎందుకు వర్తించలేదో!

మన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని ‘ఆంధ్ర స్కాట్’ అన్నారు. ఆయనకీ చూపు సరిగా లేక, ఇతరుల చేత చదివించుకుని, రాయించవలసి వచ్చేది. అయితే ఒక్క విషయంలో శిష్యుడు గురువును మించాడంటాను. 1896లో ‘హేమలత’, 1897లో ‘అహల్యాబాయి’, ఆపైన ‘కర్పూరమంజరి’ - ఈ నవలలన్నిటికీ ఆడపేర్లే పెట్టాడు. అహల్యాబాయి అయితే 1767 నుంచి 1795 దాకా రాజ్యమేలిన హోల్కరు మహారాణి. ఆడపిల్లకు చదువెందుకన్న రోజుల్లో, అక్షరాలు కూడబలుక్కునే పిల్లకి అట్ట మీదే ఆడపేరు ఎదురైతే అదేమైనా చిన్న సంగతా?

పేరుతో ఏముంది అంటారేమో. ఉన్నదంతా దానమిచ్చి పోగొట్టుకున్న బలిచక్రవర్తిని మా ఊరు పేరులోనే పెట్టుకుని, ఇన్ని తరాలుగా తలుచుకుంటోంది. అంతా ఇచ్చేసిన రెబెకాకి అట్ట మీద ఆ కాస్త చోటూ దక్కలేదు.

అందుకే మా ఇంటి పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు నేను ఐవాన్‌హో కథ అనను. రెబెకా కథ అనే చెబుతాను.