గుజ్జు మళ్లీ పుడుతుందా?

“మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందండీ.” ఎక్స్‌రే చూసి డాక్టరు ఈ మాట అనగానే ఎవరైనా అడిగేది ఒక్కటే: మళ్లీ వచ్చే మందుందా? ఈ గుజ్జు, అంటే మృదులాస్థి, ఒకసారి నశిస్తే తిరిగి రాదని 1743లోనే లండన్‌లో వైద్యుడు విలియం హంటర్ రాశాడు. దానికి రక్తనాళాలు లేవు. గాయాన్ని మాన్పే సరంజామా అక్కడికి చేరదు.

అందుకే తొలి సూదులు నొప్పి మీదే గురిపెట్టాయి. 1951లో అమెరికా వైద్యుడు జోసెఫ్ హొలాండర్ కీలులోకి నేరుగా హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించి, వచ్చిన ఫలితాలను ప్రకటించాడు. ఉపశమనం నిజమే, కానీ కొద్ది వారాలే. రెండేళ్లపాటు మూడు నెలలకోసారి స్టెరాయిడ్ తీసుకున్నవారిలో మృదులాస్థి మరింత అరిగిందని 2017లో 140 మందిపై జరిగిన పరిశోధన తేల్చింది.

తర్వాత కందెన వచ్చింది. 1934లో శాస్త్రవేత్తలు కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి నుంచి వేరుచేసిన హయలురోనిక్ ఆమ్లమే కీళ్ల ద్రవానికి జిగినిచ్చే పదార్థం. కోడిపుంజు తురాయి నుంచి దాన్ని తీసి శుద్ధిచేశారు. 1997లో మోకాళ్లకు వాడేందుకు అమెరికా అనుమతించింది. జనం దీన్ని గుజ్జు ఇంజెక్షన్ అన్నా, ఇది గుజ్జును పుట్టించదు.

పునరుత్పత్తి ఆశ పీఆర్‌పీతో, అంటే ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ప్లాస్మాతో, బలపడింది. చేతి నుంచి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. పైన తేరిన పసుపు ద్రవంలో ప్లేట్‌లెట్లు ఉంటాయి. వాటిలోని పెరుగుదల కారకాలు కీలును బాగుచేస్తాయని ఆశ. 2021లో ఆస్ట్రేలియాలో 288 మందిపై పరీక్షిస్తే, ఏడాది తర్వాత నొప్పిలోగానీ మృదులాస్థిలోగానీ ఉప్పునీటి సూదికి, దీనికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చివరిది మూలకణం. 1991లో ‘మెసెంకైమల్ స్టెమ్ సెల్’ అని పేరుపెట్టిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్, ఈ కణాలు కొత్త కణజాలంగా మారడంకన్నా చుట్టుపక్కల కణాలకు సంకేతాలు పంపడమే ఎక్కువని గ్రహించి, 2017లో ఆ పేరే మార్చమని కోరాడు. బెంగళూరులో తయారైన స్టెమ్‌ప్యూసెల్ అనే మూలకణ చికిత్సకు 2022లో మోకాలి అరుగుదలకు మన దేశంలో అనుమతి లభించింది. మరుసటి ఏడాది వెలువడిన అమెరికా పరిశోధనలో మాత్రం అక్కడ పరీక్షించిన మూడు రకాల కణచికిత్సల్లో ఏదీ ఏడాది చివర స్టెరాయిడ్‌ను మించలేదు.

ఉపశమనం వేరు, పునర్జన్మ వేరు. హంటర్ మాటను ఇంతవరకూ ఏ సూదీ గట్టిగా కాదనలేకపోయింది. వేలు పోసే ముందు డాక్టరును సూటిగా అడగండి: “ఇది నొప్పి తగ్గిస్తుందా, గుజ్జు పెంచుతుందా?” బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం మాత్రం ఏ సూది వేయించుకున్నా మానకండి.