డబ్బాపాలు: ఎంపిక ఎవరి చేతిలో?

తల్లిపాలు తాగే చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. కాన్పయిన మూడో రోజున పాలు సరిగా పడలేదన్నప్పుడు రావచ్చు, తల్లి ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సిన వారంలో రావచ్చు. పాలు చాలుతున్నాయా? డబ్బాపాలు కూడా పట్టాలా? పడితే ఏ డబ్బా? నూట యాభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రవేత్తలు, డాక్టర్లు, కంపెనీలు, ప్రభుత్వాలు ఎవరి జవాబు వాళ్లు చెబుతూ వచ్చారు. ఆ జవాబుల్లో ఏది పసిపిల్లలకు మేలు చేసిందో, ఏది ప్రాణం మీదికి తెచ్చిందో తెలిస్తే ఇవాళ్టి తల్లికి కొంత భయం తగ్గుతుంది.

నీళ్లు కలిపితే తీరని చిక్కు

తల్లి పాలివ్వలేని స్థితిలో ఉంటే పూర్వం రెండే దారులు. పాలున్న మరో బాలింత ఆదుకోవాలి, లేదంటే పశువుల పాలు పట్టాలి. మన ఇళ్లలో ఆవుపాలో మేకపాలో కాచి, నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోసేవారు. యూరప్‌లో కలిగినవాళ్లు దాదులను పెట్టుకునేవారు. అక్కడి అనాథ శరణాలయాల్లో మాత్రం పశువుల పాల మీదే పెరిగిన పసికందుల్లో ఎందరో మొదటి పుట్టినరోజు చూడలేదు. పాలు నిలవ చేసే మార్గం లేదు, సీసాలు శుభ్రం చేసే పద్ధతి లేదు, రోగాలకు క్రిములు కారణమన్న సంగతీ అప్పటికి తెలియదు.

1838లో జర్మన్ శాస్త్రవేత్త యొహాన్ ఫ్రాంజ్ సైమన్ తల్లిపాలనూ ఆవుపాలనూ విశ్లేషించి పోల్చాడు. ఇవాళ్టి లెక్కల్లో చెప్పాలంటే, 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు సుమారు 1 గ్రాము, లాక్టోజ్ అనే చక్కెర సుమారు 7 గ్రాములు. ఆవుపాలలో మాంసకృత్తులు 3 గ్రాములు దాటతాయి, చక్కెర 5 గ్రాముల లోపే. అన్ని మాంసకృత్తులను, లవణాలను వడకట్టే శక్తి పసిబిడ్డ మూత్రపిండాలకు ఉండదు. నీళ్లు కలిపితే మాంసకృత్తుల భారం తగ్గుతుంది కానీ, అసలే తక్కువగా ఉన్న చక్కెర ఇంకా తగ్గిపోతుంది, కొవ్వూ పలచబడుతుంది. అప్పటి నుంచి వచ్చిన ప్రతి డబ్బా ఈ ఒక్క చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నమే.

1860ల్లో జర్మనీలో యుస్టుస్ ఫాన్ లీబిగ్ ఆవుపాలకు గోధుమపిండి, మాల్ట్ పిండి, పొటాషియం బైకార్బొనేట్ చేర్చి శిశు ఆహారం తయారుచేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవేలో ఆన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెర కలిసిన పొడిని అమ్మకానికి తెచ్చాడు. దానికి నీళ్లు కలిపితే చాలు. ఇప్పుడు పెద్దలు కూడా తాగే హార్లిక్స్ కంపెనీ 1873లో షికాగోలో మొదలైంది పసిపిల్లలకు, రోగులకు ఆహారం తయారుచేయడానికే.

పసిపిల్లల జబ్బులు నేర్పిన పాఠాలు

ఈ కొత్త ఆహారాలతో కడుపు నిండింది కానీ కొత్త జబ్బులు బయటపడ్డాయి. 1883లో లండన్ డాక్టర్ థామస్ బార్లో కొందరు పసిపిల్లల్లో చిగుళ్ల వాపు, ఎముకల నొప్పి చూసి అది స్కర్వీ అని తేల్చాడు. బాగా మరిగించిన పాలలోనూ పొడి ఆహారాలలోనూ విటమిన్ సి దాదాపు ఉండదని తరవాత అర్థమైంది. ఎముకలు మెత్తబడే రికెట్స్ మరో సమస్య. 1919లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హెన్రీ గెర్‌స్టెన్‌బెర్గర్ ఆవుపాలలోని వెన్న తీసేసి, ఇతర కొవ్వులతో పాటు కాడ్‌లివర్ ఆయిల్ చేర్చిన పాలను పరిచయం చేశాడు. 1959లో ఇనుము చేర్చిన ఫార్ములా వచ్చింది. 1960ల మొదట్లో మాంసకృత్తుల్లో పాలవిరుగుడు తేట భాగం 60, కేసిన్ 40 చొప్పున, తల్లిపాలకు దగ్గరగా ఉండే పాళ్లు వాడుకలోకి వచ్చాయి.

శాస్త్రం ఎంత ముందుకు నడిచినా ఒక్క పదార్థం తప్పితే చాలు, బిడ్డ దెబ్బతింటుంది. డబ్బా మీదే ఆధారపడిన బిడ్డకు వేరే ఆహారం ఉండదు కదా. 1978-79లో అమెరికాలో ఒక సోయా ఫార్ములాలో క్లోరైడ్ చాలక పిల్లలు జబ్బుపడ్డారు. ఆ దెబ్బతోనే 1980లో అక్కడ శిశు ఫార్ములా చట్టం వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో ఇంకో సోయా ఫార్ములాలో విటమిన్ బి1 లోపించి పసిపిల్లలు చనిపోయారు. 2008లో చైనాలో మాంసకృత్తులు ఎక్కువున్నట్టు పరీక్షల్లో కనిపించాలని పాలలో మెలమైన్ అనే రసాయనం కలిపారు. ఆరుగురు పసిపిల్లలు మరణించారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ఈ రోజు డబ్బా మీద అచ్చయ్యే పోషకాల పట్టికలో ఒక్కో వరస వెనక ఇలాంటి దుఃఖం ఏదో ఒకటి ఉంది.

ప్రకటనలు, వాటిపై పోరాటం

డబ్బాలో ఏముందన్నది ఒక సమస్య. దాన్ని ఎవరికి, ఎలా అమ్మారన్నది అంతకన్నా పెద్ద సమస్య. జమైకాలో పుట్టిన బ్రిటిష్ డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో ‘పాలు, హత్య’ అనే పేరుతో ప్రసంగించారు. పాలున్న పేద తల్లులను కూడా తీపి కండెన్స్‌డ్ మిల్క్ వైపు మళ్లిస్తున్నారని, దానివల్ల పోయిన పసిప్రాణాలను హత్యలుగానే లెక్కించాలని ఆమె నిర్మొహమాటంగా చెప్పారు.

ముప్ఫై అయిదేళ్ల తరవాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. పేద దేశాల్లో నర్సుల దుస్తుల్లో కంపెనీ మనుషులు బాలింతలకు ఉచిత డబ్బాలు పంచేవారు. ఇంటికెళ్లాక ఆ డబ్బా అయిపోయేది, అప్పటికి రొమ్ములో పాలు ఇంకిపోయేవి. కొనే స్తోమతు లేక పొడిని పలచన చేసి, మురికినీళ్లు కలిపి పట్టేవారు. విరేచనాలతో, పోషకాహార లోపంతో పిల్లలు చనిపోయేవారు. 1974లో బ్రిటన్‌లోని ‘వార్ ఆన్ వాంట్’ సంస్థ దీన్ని పుస్తకంగా బయటపెట్టింది. 1977లో అమెరికాలో నెస్లే ఉత్పత్తుల బహిష్కరణ మొదలైంది. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది.

మన దేశంలో

అప్పట్లో ఇక్కడ ఆవుపాల కన్నా గేదెపాలే ఎక్కువ. వాటిని పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేసిన రోజుల్లో గుజరాత్‌లోని ఆనంద్‌లో డెయిరీ నిపుణుడు హెచ్.ఎం. దలాయా చేసి చూపించాడు. అక్కడి పాలపొడి కర్మాగారాన్ని 1955లో నెహ్రూ ప్రారంభించారు. కొవ్వు ఎక్కువుండే గేదెపాలను పసిపిల్లలకు పనికొచ్చే ఆహారంగా మలిచే పద్ధతిని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. 1960 ప్రాంతంలో అమూల్ బేబీఫుడ్ బజారులోకి వచ్చింది.

1992లో పార్లమెంటు శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. రెండేళ్ల లోపు పిల్లల డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మగానీ బిడ్డ బొమ్మగానీ ఉండకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చువేయాలి. ఆస్పత్రుల్లో ఉచిత నమూనాలు పంచకూడదు, ఆరోగ్య సిబ్బంది కంపెనీల కానుకలు తీసుకోకూడదు. తల్లి పాలు అందని నెలతక్కువ బిడ్డల కోసం 1989లో ముంబైలోని సయాన్ ఆస్పత్రిలో తల్లిపాల బ్యాంకు మొదలైంది. 2017లో హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ‘ధాత్రి’ పేరుతో అలాంటిదే వచ్చింది.

ఇవాళ్టి తల్లికి

ఈ చరిత్రంతా చదివాక ఎంపిక సూటిగానే కనిపిస్తుంది. మొదట తేల్చుకోవాల్సింది డబ్బా అవసరమా అన్నది. బిడ్డ ఏడ్చినంత మాత్రాన పాలు చాలడం లేదని కాదు. మొదటి వారం గడిచాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకు తిరిగొచ్చి, ఆపైన బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. ప్రతి డబ్బాపూటా ఒక చీకుడును తగ్గిస్తుంది కాబట్టి, అనుమానంతో పట్టిన పాలు కొన్నాళ్లకు నిజమైన కొరత తెస్తాయి. డాక్టరు బరువు చూసి అవసరమని చెబితే మాత్రం వెనకాడకూడదు, సిగ్గుపడకూడదు. ఆకలితో ఉన్న బిడ్డకు ఆహారమే మందు.

ఇక బ్రాండు సంగతి. మన దేశంలో అమ్మే ప్రతి ఫార్ములా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాలకు లోబడే ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు, ఆరు నెలల లోపు, ఆవుపాల ఆధారంగా చేసిన మొదటి దశ ఫార్ములా ఏదైనా సరిపోతుంది. ధర ఎక్కువైతే మేలు ఎక్కువన్నది నిజం కాదు. లాక్టోజ్ లేనివి, సోయావి డాక్టరు చెబితేనే వాడాలి.

కలపడంలోనే అసలు జాగ్రత్త అంతా ఉంది. పాలపొడి పూర్తిగా క్రిమిరహితం కాదు. అందుకే నీళ్లు మరిగించి, అరగంట దాటకుండా, ఇంకా 70 డిగ్రీల వేడి ఉండగానే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు నీళ్లు కొలిచి పోయాలి, తరవాత డబ్బాలోని స్కూపుతోనే, పైన చదును చేసి, అదమకుండా పొడి వేయాలి. చాలా డబ్బాల మీద 30 మిల్లీలీటర్లకు ఒక స్కూపు అని ఉంటుంది. ఆ కొలత ఒక్క స్కూపు అటూ ఇటూ కాకూడదు. గోరువెచ్చగా చల్లార్చి పట్టాలి. రెండు గంటల్లో తాగని పాలు పారబోయాలి. పాలసీసా, పీక కన్నా గిన్నె, చెంచా శుభ్రం చేయడం తేలిక.

ఎంపిక భారమంతా తల్లి మీదే మోపడం అన్యాయం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, కానీ కూలి పనికి వెళ్లే తల్లికి ఆ సెలవు అందదు. కాన్పు వార్డులో బిడ్డను రొమ్ముకు ఎలా పట్టాలో కూర్చుని నేర్పే నర్సు, పనిచోట పాలు పిండి నిలవ చేసుకునే చోటు, బరువు తూచి నిజం చెప్పే డాక్టరు ఉంటే డబ్బా కావాలా వద్దా అన్నది తల్లి నిబ్బరంగా తేల్చుకోగలదు. ఈ మూడూ సమకూర్చడం ప్రభుత్వాల, యాజమాన్యాల బాధ్యత. వాటి కోసం గట్టిగా అడగాల్సింది మనందరం.