గోదావరి తీరపు రాతి ‘సిలువలు’

లక్డీకాపూల్ సమీపమున పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియమును చూచి వచ్చిన విద్యార్థులు మమ్మును ఇట్లడిగిరి: “గోదావరి అడవులలోని రాతి సిలువలు తొలి తెలుగు క్రైస్తవులవేనా?” ఈ మాట ప్రసంగములలో విన్నారట.

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలోని కాటాపూర్, మల్లూరు, జానంపేట పరిసరములలో బృహచ్ఛిలాయుగపు సమాధుల చెంత సిలువను పోలిన ఏకశిలలు గలవు. జేమ్స్ ఫెర్గూసన్ 1872లో ప్రచురించిన తన గ్రంథములో వీటిని క్రైస్తవ చిహ్నములుగా ఎంచెను. అయితే ఈ ప్రాంతపు శిలలలో కొన్నింటిపై స్త్రీ స్తనములు చెక్కబడియున్నవి. కనుక అడ్డముగా చాచినది సిలువ దూలము కాదు, మనుష్యుని భుజములు, పైనున్నది శిరస్సు. ఇవి మృతులైన పూర్వికుల రూపములని పురావస్తు పండితుల అభిప్రాయము.

పాలినేషియాలోని ఈస్టర్ ద్వీపవాసులును తమ పూర్వికులను రాతిలో నిలిపిరి. 1868లో బ్రిటిష్ నావికులు కొనిపోయిన అట్టి విగ్రహమొకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. యాకోబును రాహేలు సమాధిపై స్తంభము నిలిపెను (ఆది. 35:20). మృతులను మరువకూడదను ఆశ సర్వజనులది.

ఈ శిలలను మన సంఘ చరిత్రకు రుజువుగా చూపిన ప్రసంగము వినువారికి ఇంపుగా నుండవచ్చును. కాని పరుల పితరులను మనవారనుట అబద్ధ సాక్ష్యమే. సత్యమును ప్రకటించు సంఘమునకు అరువు తెచ్చుకొన్న ప్రాచీనత అక్కరలేదు.