గిన్నె ధరా, మొహమాటం ధరా?

దసరాకు ఇల్లు దులుపుతూ సజ్జ మీది సామాను దింపితే, ఒక అట్టపెట్టెలో స్టీలు గిన్నెల సెట్టు బయటపడింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్క పొయ్యి మీదే మూడు వంటలు చేసుకోవచ్చని చెప్పి అమ్మిన సెట్టు. పన్నెండేళ్ల కిందటిది. అప్పట్లో మా మూడు నెలల ఇంటి కిరాయి అంత ధర. ఇప్పటికీ మెరుస్తూనే ఉంది, వాడింది లేదు కాబట్టి.

మాది కార్వాన్. ఆ రోజుల్లో మా ఆడబిడ్డ ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో చేరింది. పదిమంది ఆడవాళ్లను పిలవాలి, వాళ్ల ముందే వండి పెట్టాలి, ఆ గిన్నెలు అమ్మాలి. ఇలాంటివి ఇంటి హాల్లో పెట్టుకోవడం అలవాటు. మా రెండు గదుల ఇంట్లో పదిహేను మంది ఎక్కడ పడతారు? అందుకని గుడి ముందున్న ఖాళీ జాగలో జంపఖానా పరిచి, బల్ల మీద గ్యాస్ స్టవ్ పెట్టాం. పిలుపులు నావి, వంట ఆమెది. చుక్క నీళ్లు పోయకుండా క్యారెట్, బీన్స్ ఉడికించి చూపించింది. దారిన పోయేవాళ్లూ ఆగి చూశారు. తిన్నవాళ్లు మెచ్చుకున్నారు. సాయంత్రానికి నాలుగు సెట్లు పోయాయి. ఒకటి మా మూలమీది ఇంటి అక్క తీసుకుంది, వాయిదాల మీద.

వండి చూపించి గిన్నె అమ్మడం మనకు కొత్తేమీ కాదు. హైదరాబాదు ఆడవాళ్లకు దాని అసలు బడి నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి చలిలో అమ్మ కొంగు పట్టుకుని తిరిగిన రోజులు నాకు బాగా గుర్తు. ఒకతను చిటికెలో క్యాబేజీ తరిగి కుప్ప పోసేవాడు. ఇంకొకతను నూనె లేకుండా పెనం మీద దోసె తిప్పేవాడు. ఇంటికొచ్చాక అదే తురుముడు బిళ్ల మన చేతిలో అలా తిరగదనుకోండి, అది వేరే సంగతి.

కొత్త వస్తువుకు ఈ తిప్పలు తప్పవు. 1959 ప్రాంతంలో ప్రెస్టీజ్, హాకిన్స్ కుక్కర్లు మన దేశంలోనే తయారవడం మొదలైనా, ఆ విజిల్ విని అది పేలుతుందేమోనని భయపడిన అమ్మమ్మలు ఎందరో. ఎవరో ఒకరు మన ముందు మూత బిగించి, ఆవిరి తీసి, పప్పు చూపిస్తే తప్ప నమ్మకం కుదరలేదు.

అమెరికాలో టప్పర్‌వేర్ కథా ఇలాగే నడిచింది. ఎర్ల్ టప్పర్ 1940లలో గాలి చొరబడని మూతల ప్లాస్టిక్ డబ్బాలు చేశాడు. కొట్టు అరల్లో పెడితే కొనేవాళ్లు లేరు. ఆ మూత ఎలా వేయాలో ఎవరికీ తెలియదు మరి. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ, భర్తతో విడిపోయి ఒక కొడుకును పెంచుకుంటున్న తల్లి, ఆ డబ్బాలను ఇళ్లలో పార్టీలు పెట్టి అమ్మింది. నిండుగా నీళ్లు పోసిన గిన్నెకు మూత పెట్టి గదిలో ఆ చివరకు విసిరేదట, చుక్క కారకుండా. ఆ అమ్మకం చూసి 1951లో టప్పర్ తన సరుకును కొట్ల నుంచి తీసేసి, మొత్తం పార్టీల చేతిలోనే పెట్టాడు, ఆమెను వైస్ ప్రెసిడెంటును చేశాడు. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కిన మొదటి మహిళ ఆమే. అదే ఏడాది ఫ్లోరిడాలోని ప్రధాన కార్యాలయం దగ్గర, ఆరుబయట నేలలో బహుమతులు పాతిపెట్టి, అమ్మకందారు ఆడవాళ్లకు పారలిచ్చి తవ్వుకోమన్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1958లో, ఆమెను కంపెనీ నుంచి పంపేశారు. కంపెనీలో ఆమెకు ఒక్క వాటా కూడా లేదు.

ఆ పార్టీ పద్ధతి 1996లో టప్పర్‌వేర్‌తోపాటు మన దేశానికీ వచ్చింది. ఉద్యోగానికి పోలేని ఆడవాళ్లకు అది ఒక దారి చూపించిన మాట నిజమే. సొంతంగా నాలుగు రూపాయలు చూడటం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం చిన్న విషయాలు కావు. మా ఆడబిడ్డ ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు నేను అబద్ధమని చెప్పలేను.

అయితే నుమాయిష్‌కూ, ఈ పార్టీకీ ఒక తేడా ఉంది. నుమాయిష్‌లో అమ్మేవాడు పరాయివాడు. దోసె ముక్క నోట్లో వేసుకుని, "మళ్లీ వస్తాం బాబూ" అని ముందుకు కదలొచ్చు, అతనేమీ అనుకోడు. పార్టీలో పిలిచింది మనమ్మాయి, వడ్డించింది మన వదిన. తిని చేయి కడుక్కుని ఉత్త చేతులతో లేవడం ఎలా? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత మీకూ తెలుసు, నేను రాయను. ఈ పద్ధతి నడిచేదే మొహమాటం మీద. అందుకే పిలిచిన ఇంటావిడకు అమ్మకాన్ని బట్టి బహుమతి ఇస్తారు. మేము గుడి ముందు పెట్టాం కాబట్టి మొహమాటం ఇంకా పెరిగింది. పేరుకు బయలు జాగే అయినా, ఎవరు కొన్నారో, ఎవరు కొనలేదో వాడకట్టంతా చూస్తుంది.

అక్క మా ఇంటికి రావడం తగ్గించింది. నాలుగు నెలలకు నేనే వెళ్లి అడిగాను. "నాకెందుకమ్మా ఆ గిన్నెలు? నువ్వు పిలిచినవ్. పదిమందిల వద్దంటె బాగుండదని తీస్కున్న. వాయిదాల సంగతి మీ అన్నకు తెల్సి ఇంట్ల లొల్లి అయింది" అంది. నాకు ఆ అమ్మకం మీద ఒక డిన్నర్ సెట్టు బహుమతిగా వచ్చిందని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ రోజు నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె కట్టిన డబ్బు తిరిగిచ్చి, సెట్టు నేను తెచ్చుకున్నాను. సజ్జ మీద ఉన్నది అదే.

మా కార్వాన్‌లో 1671లో మూసా ఖాన్ కట్టించిన తోలి మసీదు ఉంది. దాన్నే దమ్డీ మసీదు అని కూడా అంటారు. మక్కా మసీదు పని చూసినందుకు ఖర్చయిన ప్రతి రూపాయికీ అతనికి ఒక దమ్డీ ముట్టేదట, ఆ దమ్డీలు కూడబెట్టి ఈ మసీదు కట్టాడట. నేను చిన్నప్పటి నుంచీ విన్న కథ ఇది. కార్వాన్ పేరే బిడారుల నుంచి వచ్చింది. గోల్కొండ దారిలో వర్తకులు, సాహుకార్లు బతికిన చోటు. ఇక్కడ కమీషన్ తప్పు అని ఎవరూ అనరు. అయితే మూసా ఖాన్ దమ్డీ లోకానికంతా తెలుసు. నా డిన్నర్ సెట్టు సంగతి అక్కకు తెలియదు.

చట్టం కూడా చివరికి ఇక్కడికే వచ్చింది. మనుషులను చేర్పించి డబ్బు తిప్పే పథకాలను 1978 లోనే నిషేధించారు. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం, అమ్మేవాళ్లు మాట మొదలుపెట్టేటప్పుడే తామెవరో, ఏ కంపెనీయో, ఎందుకు వచ్చారో నిజం చెప్పాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడక్కుండా ఇంటికి రాకూడదు. చేరినందుకు ప్రవేశ రుసుము తీసుకోకూడదు. మా ఆడబిడ్డ చేరినప్పుడు కట్టిన డబ్బు గుర్తొచ్చింది. తన స్థాయి నిలుపుకోవడానికి తనే సరుకు కొని, ఏడాదికల్లా మానేసింది పాపం.

ఇప్పుడు నన్ను ఎవరైనా పార్టీకి పిలిస్తే ఒకటే అడుగుతాను, "తినడానికా, కొనడానికా?" అని. కొనడానికైతే ధర ముందే చెప్పమంటాను. మీలో ఎవరైనా ఈ పని చేస్తుంటే, నా మాటగా ఒకటి వినండి. పిలిచేటప్పుడే అమ్మకమని చెప్పండి, మీకేం ముడుతుందో కూడా చెప్పండి. పదిమంది వచ్చేచోట ఆరుగురే రావచ్చు. ఆ ఆరుగురూ రేపు కూడా మీ గడప తొక్కుతారు.

సద్దుల బతుకమ్మ నాడు అదే గుడి ముందు జాగలో ఆడి, సద్దులు పంచుకున్నాం. ఈసారి ఆ సెట్టులోని పెద్ద గిన్నెలో పులిహోర కలిపి తీసుకెళ్లాను. అక్క గిన్నె వంక చూసింది. "ఇది నాదే గదా" అంది. అప్పుడు డిన్నర్ సెట్టు సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంక కొంచెం పెట్టు, పులుపు మంచిగ కుదిరింది" అని ఆకు ముందుకు చాపింది.