నూనె పొర మీద వందల టన్నులు

ఆగస్టు నెల. జూరాల మీదుగా కృష్ణ పోటెత్తి వస్తోంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, దానివైపే నీరు ఎక్కుతోంది. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో అడుగు పెట్టగానే చెప్పుల కింద నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. ఇక్కడ 110 మెగావాట్ల యంత్రాలు ఏడు. ఒకటి ఇంకా నిలిచే ఉంది. దాని దగ్గరకు రండి.

నిలువు ఇరుసు. కింద నీటిచక్రం, పైన జనరేటర్ రోటర్. వందల టన్నుల బరువు, దానికి తోడు నీరు నొక్కే ఒత్తిడి, అన్నీ థ్రస్ట్ బేరింగ్ మీదే. ఇరుసుతో పాటు తిరిగే నున్నటి ఉక్కు పళ్లెం, కింద గుండ్రంగా పేర్చిన మెత్తలు, వాటి ముఖాన తెల్లలోహం అనే మెత్తటి మిశ్రలోహపు పూత. అంతా నూనెలో మునిగి ఉంటుంది.

యంత్రంలోకి నీరు వదిలే గేట్లు తెరుచుకున్నాయి. లోతుల్లోంచి నీటి హోరు. ఇరుసు కదిలింది, వేగం అందుకుంది. కంటికి కనబడని పని ఇప్పుడే జరుగుతోంది: ఒక్కో మెత్త వెంట్రుకవాసి వాలుతుంది, పళ్లెం ఆ సందులోకి నూనెను ఈడ్చుకుపోతుంది, ఇరుకయ్యే కొద్దీ నూనెలో ఒత్తిడి పెరిగి అంత బరువునూ ఎత్తి పట్టుకుంటుంది. ఉక్కు తెల్లలోహాన్ని తాకదు. అమెరికాలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీ 1912లో హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో ఇలాంటి బేరింగ్ పెట్టి చూపించాడు. నాకు ఇప్పటికీ ఇది అద్భుతమే.

ఈ నూనెను చల్లబరిచే కూలర్‌కు వెళ్లే నీటి గొట్టం మీద చేయి పెట్టండి. చల్లగా ఉంది. బయటికొచ్చే గొట్టం? గోరువెచ్చగా. ఆ వెచ్చదనమే మనం పోగొట్టుకున్న కరెంటు. తన పొరలు ఒకదానిమీద ఒకటి జారేటప్పుడు నూనె తిన్న శక్తి అది. కృష్ణ ఇచ్చిన బలంలో కొంత వేడై, మళ్లీ నీళ్లలోనే కలిసిపోతోంది. 110 మెగావాట్లలో ఇలా పోయేది వెయ్యింట ఒక వంతే అనుకున్నా, 110 కిలోవాట్లు. ఇరవైకి పైగా ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు ఆడతాయి. కర్నూలు, కడప మెట్ట రైతుకు ఆ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాగని నూనెను పలచన చేస్తే సరిపోదు. టర్బైన్ ఆయిల్ డబ్బా మీద 46 అనో 68 అనో ఉంటుంది: 40 డిగ్రీల దగ్గర చిక్కదనం, సెంటీస్టోకుల్లో. 46 తేలిగ్గా జారుతుంది, వేడి తక్కువ. కానీ పొర పలచనవుతుంది. తెగిందా, తెల్లలోహం కరుగుతుంది. మెల్లగా నడిచే ఎద్దులబండి ఇరుసుకు మనవాళ్లు ఆముదంలో గడ్డి మసి కలిపి చిక్కటి కందెన పెట్టింది ఊరికే కాదు. వేగం తక్కువ, బరువు ఎక్కువ అయితే చిక్కనిదే నిలుస్తుంది. వేడెక్కినా అంతగా పలచబడని నూనె తయారైతే, తక్కువ చిక్కదనంతోనే ధైర్యంగా నడపొచ్చు. శుద్ధిచేసిన మూలనూనెలతో, కలిపే మందులతో ఇప్పటి నూనెలు సాధించింది అదే.

సీనియర్ ఫిట్టర్ ఒకరు చిన్న గాజుసీసాలో నమూనా పట్టి వెలుతురుకేసి ఎత్తారు. తేనెరంగు, అడుగు దాకా తేటగా.

"కూలర్ ట్యూబు కారి నీళ్లు కలిసినాయంటే మజ్జిగ మాదిరి అయిపోతాది సార్. అప్పుడు ఎంత ఖరీదు ఆయిల్ పోసినా దండగే."

చూపుడువేలికి, బొటనవేలికి మధ్య ఒక చుక్క వేసి రుద్దిచూశారు. గరుకు తగల్లేదు. కొత్త రకం నూనె కొనడానికి ముందు ఈ సీసా వంక రోజూ చూడాలని నేనూ అంటాను. నీరు, దుమ్ము చేరితే ఏ మేలు రకం నూనె అయినా నిలవదు.

సాయంత్రానికి లోడు తగ్గింది. గేట్లు మూసుకున్నాయి. ఇరుసు వేగం దిగుతోంది, మెత్తల మీద పొర పలచబడుతోంది. పొర తెగేదాకా తిరగనివ్వకూడదు. వేగం బాగా పడిపోయాక బ్రేకులు పట్టాయి. ఒక్క కీచుమన్న శబ్దం, ఇరుసు ఆగింది. ఫిట్టర్ వంగి నూనె మట్టం చూసి, రిజిస్టరులో అంకె రాసుకున్నారు.